ఏడు లీటర్లు ఎక్కడికి పోయాయి?

తెనాలి చెంచుపేటలో ఒక డ్రైవరు కుటుంబం ఉంది. అతను ఒక ఓనరు గారి కారు నడుపుతాడు. అతని భార్య వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు భాగహారాలు కూడా చేస్తుంది.

మే నెలలో ఒకరోజు అతను దిగాలుగా ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"ఏమైందండీ?" అని అడిగింది ఆమె.

"ఓనరు గారు నన్ను అనుమానిస్తున్నారు. నేను పెట్రోలు అమ్ముకుంటున్నానంట. వచ్చే నెలతో పని మానెయ్యమన్నారు."

సంగతి ఇది. ఆ కారు హైబ్రిడ్ కారు. లీటరుకు 27.97 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ కాగితంలో ఉంది. అంటే దాదాపు 28. మొన్న రేపల్లె, బాపట్ల వైపు 360 కిలోమీటర్లు తిరిగారు. కాగితం లెక్కన 13 లీటర్లు చాలాలి. కానీ 20 లీటర్లు పట్టింది. మిగతా 7 లీటర్లు ఏమయ్యాయని ఓనరు గారి ప్రశ్న. లీటరు 110 రూపాయలు అనుకుంటే అది 770 రూపాయలు. దొంగ అన్న మాట అంతకంటే బరువు.

"దిగులు పడితే ఏం లాభం? లెక్క రాద్దాం. ముందు ఆ కారు ఎలా నడుస్తుందో చెప్పండి" అంది ఆమె.

హైబ్రిడ్ కారు అంటే ఏమిటి?

మామూలు కారుకు పెట్రోలు ఇంజను ఒక్కటే ఉంటుంది. హైబ్రిడ్ కారుకు ఇంజనుతోపాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉంటాయి. 1997లో జపానులో టొయోటా కంపెనీ ప్రియస్ అనే హైబ్రిడ్ కారును అమ్మకానికి తెచ్చింది. 2022లో మన దేశంలో టొయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా వచ్చాయి. వాటిలోని హైబ్రిడ్ రకానికి చెప్పిన అంకే ఈ 27.97.

పాత సైకిలు డైనమో గుర్తుందా? చక్రం తిరిగితే దీపం వెలిగేది. ఈ కారులో బ్రేకు వేసినప్పుడు మోటారు డైనమోలాగా పనిచేస్తుంది. కరెంటు పుట్టి బ్యాటరీలో చేరుతుంది. ఊళ్లో మెల్లగా వెళ్లేటప్పుడు ఆ కరెంటుతోనే కారు కదులుతుంది. ఇంజను ఆగి ఉంటుంది. అందుకే ఆగుతూ సాగుతూ పోయే బజారులో ఈ కారుకు లాభం ఎక్కువ. పెద్ద రోడ్డు మీద ఒకే పోకడగా వేగంగా పోతే బ్రేకు పడదు. ఇంజనే ఎక్కువగా పనిచేయాలి. అక్కడ లాభం తగ్గుతుంది.

కాగితం మీద అంకె ఎలా వచ్చింది?

కారును పరీక్షా కేంద్రానికి తీసుకెళ్తారు. రోలర్ల మీద నిలబెట్టి చక్రాలు తిప్పుతారు. వేగం 90 దాటదు. 2022లో ఈ కార్లను పరీక్షించినప్పుడు ఏసీ ఆపి ఉంచారు. అక్కడ ఎండ లేదు, గుంటలు లేవు, ఎదురుగాలి లేదు. ఆ అంకె అబద్ధం కాదు. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి అది పనికొస్తుంది. కానీ మన రోడ్డు మీద అంతే వస్తుందని అనుకోకూడదు.

నోటుపుస్తకం చెప్పిన నిజం

మర్నాడు ఇద్దరూ ఓనరు గారింటికి వెళ్లారు.

"బాబుగారూ, ఒక్క నెల గడువివ్వండి. పెట్రోలు పోయించేటప్పుడు బంకు దగ్గర మీరే ఉండండి. లెక్క నేను రాస్తాను" అంది ఆమె.

ఆయన సరేనన్నారు. నెల తర్వాత ఆమె పుస్తకం తెరిచి చూపింది. మే నెల ప్రయాణం లెక్క కూడా అందులో రాసింది.

మొదటిసారి: రేపల్లె, బాపట్ల. మండే ఎండ. అయిదుగురు మనుషులు. వేగం 90 పైన. 360 కిలోమీటర్లు, 20 లీటర్లు. లీటరుకు 18.

రెండోసారి: అవే ఊళ్లు, అంతే మనుషులు. టైర్లలో గాలి తక్కువుంటే పట్టించారు. వేగం 60, 70 మధ్య. 440 కిలోమీటర్లు, 20 లీటర్లు. లీటరుకు 22.

మూడోసారి: తెనాలి ఊళ్లో, చుట్టుపక్కల. వాన పడి చల్లబడింది. ఏసీ తక్కువ. 480 కిలోమీటర్లు, 20 లీటర్లు. లీటరుకు 24.

ఓనరు గారు మూడు లెక్కలూ చూశారు. తన కళ్ల ముందు పోయించినా 28 రాలేదు.

"బాబుగారూ, మన డెల్టా నేల చదును. కొండ ఎక్కే పని లేదు. మరి పెట్రోలు ఎక్కడికి పోయిందో చూడండి" అంటూ ఆమె వివరించింది.

చెరుకుపల్లి మీదుగా రేపల్లె నుంచి బాపట్ల పోయే రోడ్డు 216వ జాతీయ రహదారి. అక్కడ వేగం పెంచబుద్ధవుతుంది. కానీ వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. రేపల్లెలో కారు ఆపి, ఏసీ వేసుకుని రెండు గంటలు కూర్చున్నారు. ఏసీ బ్యాటరీని తినేసింది. దాన్ని నింపడానికి ఇంజను మళ్లీ మళ్లీ తిరిగింది. టైర్లలో గాలి తగ్గితే బండి ఈడ్చుకుంటూ పోతుంది. మనుషుల బరువు సరేసరి.

ఓనరు గారు కాసేపు మాట్లాడలేదు.

"తొందరగా పోనివ్వమన్నది నేనే. ఏసీ ఆపొద్దన్నదీ నేనే. నిన్ను అనరాని మాట అన్నాను. ఏమనుకోవద్దు. పనిలోకి రా" అన్నారు డ్రైవరుతో.

ఆమె వైపు తిరిగి, "ఈ లెక్క ఇలాగే రాస్తూ ఉండమ్మా" అన్నారు.

ఆ రాత్రి అతను కడుపునిండా తిన్నాడు.

మీరూ లెక్క కట్టండి

కారు, ఆటో, స్కూటరు, దేనికైనా ఇదే పద్ధతి.

1. బంకులో పైపు దానంతట అదే ఆగేదాకా ట్యాంకు నింపించండి. మీటరులో అంకె రాసుకోండి.
2. బండి మామూలుగా తిప్పండి.
3. మళ్లీ అదే బంకులో అలాగే నింపించండి. ఎన్ని లీటర్లు పట్టిందో, మీటరులో అంకె ఎంతో రాయండి.
4. రెండో అంకెలోంచి మొదటి అంకె తీసేయండి. వచ్చినదాన్ని లీటర్లతో భాగించండి.

ఒక్కసారి లెక్కతో తేల్చవద్దు. మూడు నాలుగుసార్లు రాసి చూడండి.

చెప్పండి

1. హైబ్రిడ్ కారుకు ఊళ్లో లాభం ఎందుకు ఎక్కువ?
2. ఏడు లీటర్లు ఎక్కడికి పోయాయి?
3. ఒక ఆటో బాపట్ల, సూర్యలంక మధ్య 150 కిలోమీటర్లు తిరిగింది. 6 లీటర్లు పట్టింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?