తీసేసే ముందు ఒక్క మాట అడుగుదాం

చెల్లెళ్లారా! ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాది. దోమల గురించి రాయమని కొందరు, కళ్ళ గురించి రాయమని కొందరు అన్నారు. నేను మాత్రం గర్భసంచి గురించి రాస్తున్నాను. నవ్వకండి, సిగ్గుపడి దాటిపోకండి. చదివి, సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చెప్పండి.

ముందు పాఠం. గర్భసంచిని మన పుస్తకంలో గర్భాశయం అంటారు. పొత్తికడుపులో మూత్రాశయం వెనుక ఉంటుంది. తలకిందులుగా పెట్టిన జామకాయ ఆకారం, పిడికిలంత సైజు. దానికి రెండు పక్కలా రెండు అండాశయాలుంటాయి. వాటిలో తయారయ్యే హార్మోన్ల వల్లనే నెలనెలా ముట్టు వస్తుంది. ఎముకలు గట్టిగా ఉండటానికి కూడా అవే కావాలి. 45 నుంచి 55 ఏళ్ళ మధ్య ఆ హార్మోన్లు తగ్గి, ముట్టు దానంతటదే ఆగిపోతుంది.

"పిల్లలు పుట్టినంక సంచితోని పనేమున్నది?" అని మా తండాలో అంటారు. మా పెద్దమ్మ కూడా అట్లనే అనుకుని ముప్పై ఏళ్ళు నిండకముందే తీయించుకుంది. తెల్లబట్ట అవుతోందని పోతే "ఉంచితే క్యాన్సర్ అయితది" అని భయపెట్టారట. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు తెలియనే తెలియదు. రెండేండ్ల తర్వాత ఇంకో డాక్టరు కాగితాలు చూసి చెప్తే తెలిసింది. అప్పటికే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, నడుము నొప్పి మొదలయ్యాయి. ఇప్పుడామెకు నలభై రెండు. బీడీలు చుట్టడానికి గంటసేపు కూర్చోలేదు. ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు మాత్రం మిత్తితో కలిపి ఆరేండ్లు కట్టారు.

పోయిన దసరా సెలవుల్లో మా యాడికి కూడా అదే మాట చెప్పారు. ఆమెకు నెలకు పది రోజులు ముట్టు ఆగడం లేదు. ఊళ్ళో ఆరెంపీ ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ స్కానింగ్ తీసి "గడ్డ ఉన్నది, సోమవారం తీసేద్దాం" అన్నారు. దుబాయిలో ఉన్న మా బాపు ఫోన్లో "పైసలు పంపుత, కానియ్యుండ్రి" అన్నాడు.

"గడ్డ ఎంతున్నది, మందులతోని తగ్గదా అని అడిగినవా?" అన్నాను.

"డాక్టరును ఎట్ల అడుగుతం బిడ్డా?" అంది యాడి.

నాకు ఆ మాటే బాధనిపించింది. మేకను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, ఈతలు అడుగుతాం. ఒంట్లోంచి ఒక అవయవం తీసేస్తామంటే మాత్రం ఒక్క మాట అడగం!

మర్నాడు ఆశక్కను తోడు తీసుకుని వేములవాడ ఏరియా దవాఖానకు పోయినం. డాక్టరమ్మ కాగితం చూసి, "రెండు సెంటీమీటర్ల గడ్డ. ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కావు. ముట్లు ఆగినంక చిన్నగైతయి. ముందు మందులు వాడుదాం" అన్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.9 గ్రాములే ఉంది, 12 ఉండాలి. రక్తస్రావం తగ్గడానికి మందులు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. నేను సంక్రాంతి సెలవులకు పోయేసరికి ముట్టు అయిదు రోజులకు వచ్చింది, హిమోగ్లోబిన్ 10.4 అయ్యింది. గడ్డ ఇంకా ఉంది. రేపు పెరిగితే ఆపరేషన్ పడొచ్చు. అప్పుడైనా యాడి అన్నీ తెలుసుకునే ఒప్పుకుంటుంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వీటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

అంతకన్నా ముందు 2008లో సమీరా కోహ్లీ కేసు ఉంది. ఢిల్లీలో ఆమెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒంటి మీద తెలివి ఉన్న రోగిని అడగకుండా ఇంకొకరి ఒప్పుదల చాలదని, పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అడగడం పొగరు కాదు, మన హక్కు.

అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

1. నా జబ్బు పేరేమిటి? కాగితం మీద రాసిస్తారా?
2. మందులతో తగ్గదా? ఎన్ని నెలలు వాడి చూడొచ్చు?
3. ఇప్పుడే తీయకపోతే ఏమవుతుంది?
4. సంచి ఒక్కటేనా, అండాశయాలు కూడా తీస్తారా? ఎందుకు?
5. ఖర్చెంత? ఎన్నాళ్ళు పని చేయకూడదు?

జవాబులు విని, ఇంకో డాక్టరుకు కూడా చూపించాలి. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మనకు మరీ దూరం కాదు.

తెల్లబట్ట అయినంత మాత్రాన సంచి తీయనక్కరలేదు. ఇన్ఫెక్షన్ ఉంటే మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ భయం ఉంటే పరీక్ష ఉంది. 30 ఏళ్ళు దాటినవారికి గర్భసంచి ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి చూస్తారు. అది మన ల్యాబులో ఉన్న ఆమ్లమే. తెల్లమచ్చ కనబడితే మిగతా పరీక్షలు చేస్తారు.

అయితే ఆపరేషన్ అంటేనే చెడ్డదని అనుకోవద్దు. క్యాన్సర్ తేలినా, మందులకు రక్తం ఆగకపోయినా, సంచి బాగా కిందికి జారినా అది ప్రాణం నిలుపుతుంది, బాధ తీరుస్తుంది. ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

చెల్లెళ్లారా, ఆ అయిదు ప్రశ్నలూ నోటుబుక్కులో రాసుకోండి. మన తల్లులకు చదువు రాకపోవచ్చు, మనకు వచ్చు కదా! దవాఖానకు తోడు పోయి, వాళ్ళ పక్కన నిలబడి మనం అడుగుదాం.

(ఇందులోని సైన్సు విషయాలను మన జీవశాస్త్రం మేడం చూసి దిద్దారు.)

— పదవ తరగతి విద్యార్థిని