అన్నం తగ్గించే ముందు పుస్తకం తెరవండి



షుగరు ఉన్నదని తెలియగానే చాలామంది అన్నం మానివేసి రాగి సంకటి మొదలుపెడతారు. రాగిలో పిండిపదార్థం ఉండదనుకొని రెండు ముద్దలు తినేచోట నాలుగు తింటారు. తరువాత రక్తపరీక్ష చేయిస్తే షుగరు తగ్గదు. "అన్నం ముట్టడమే లేదండీ, మరి ఎందుకు తగ్గలేదు?" అని మమ్మల్ని అడుగుతారు. దీనికి జవాబు మన హైదరాబాదులోనే తయారైన రెండు పుస్తకాలలో ఉన్నది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్' అనే పుస్తకాన్ని వెలువరించింది. 2017లో 528 ఆహారపదార్థాలను పరీక్షించి 'ఇండియన్ ఫుడ్ కాంపోజిషన్ టేబుల్స్' ప్రచురించింది. ఇవి ఇంగ్లీషు పుస్తకాలు గనుక చదువుకుంటున్న పిల్లల సాయం తీసుకోండి.

వీటిని చూసేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

1. లెక్క 100 గ్రాములకు. బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. రాగులలో పాత పుస్తకం ప్రకారం 72, కొత్త దాని ప్రకారం 67. రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ, మంచి ఆహారమే. కాని కొలత లేకుండా తింటే లాభం లేదు. బీర, సొర వంటి కూరగాయలలో 4 గ్రాములకు మించదు.

2. ఈ అంకె పచ్చి బియ్యానికి, వండిన అన్నానికి కాదు. కొట్టులో 50 గ్రాముల బియ్యం తూయించి, ఇంటి గ్లాసులో పోసి గుర్తు పెట్టుకోండి. అందులో పిండిపదార్థం సుమారు 39 గ్రాములు.

3. రెండు పుస్తకాల అంకెలు కలపవద్దు. కొత్త పుస్తకంలో పీచు మొత్తాన్ని తీసివేసి లెక్కించారు. అందుకే కొన్ని ధాన్యాల అంకెలు తగ్గి కనిపిస్తాయి.

మొదట ఒక వారం మీరు తినేది తినేటట్టే వ్రాసుకోండి. తరువాత పూటకు 75 గ్రాముల బియ్యం వండుకునేవారు 50కి తగ్గించి, ఆ ఖాళీని కూరగాయలు, గ్రుడ్డు, చేపలతో నింపండి. పప్పులో మాంసకృత్తులున్నా పిండిపదార్థం కూడా ఉన్నది, దానినీ లెక్కలో వేయండి.

అయితే పుస్తకం చెప్పలేనిది ఒకటున్నది, అది మీ మందుల సంగతి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ ఆహారం మొదలుపెట్టకూడదు.

మీరు వ్రాసుకున్న కాగితాన్ని, మందుల చీటీని తీసుకొని రండి. ఆ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, ఎంత తగ్గించాలో మీకూ మాకూ స్పష్టంగా తెలుస్తుంది.