రోగి దాత కాగలడా?

పఠనభాగము: 1 కొరింథీయులకు 12:12–27, గలతీయులకు 4:13–15



మన పెదవేగిలోను, ఏలూరు చుట్టుపట్ల గ్రామములలోను అవయవదానమును గూర్చి మాట వచ్చినప్పుడు, దీర్ఘరోగులు తమ దేహము ఎవరికిని పనికిరాదని తలంతురు. వేలమందిలో ఒకరికి మాత్రమే వచ్చు అరుదైన జబ్బు గలవారికి ఈ తలంపు మరింత భారము. ఇది సరియైనదేనా యని ఈ నెల పాఠములో పరిశీలింతము.

1. బలహీనమైన అవయవము

బలహీనముగా కనబడు అవయవములు లేనిదే దేహమునకు జరుగదని పౌలు బోధించెను (22 వ.). మనవారనేకులు చికిత్సకై వెళ్లు వేలూరు క్రైస్తవ వైద్యశాలలో 1971లోనే మన దేశపు తొలి సఫల మూత్రపిండ మార్పిడి జరిగెను. తరువాతి కాలములో వైద్యులు పౌలు మాటకు తగిన దృష్టాంతము నొకదానిని కనుగొనిరి.

కొందరు శిశువులకు పుట్టుకతోనే మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి యుండును. వారి మూత్రము తీపి పాకము వాసన వేయును. పాలు, పప్పు, మాంసములలోని మాంసకృత్తుల భాగములు కొన్నిటిని విడగొట్టు ఎంజైము వారిలో పనిచేయదు; అవి రక్తములో పేరుకొని మెదడును పాడుచేయును. తల్లిదండ్రులిద్దరి నుండియు లోపము సంక్రమించిననే ఈ వ్యాధి కలుగును గనుక, మేనరికములు గల కుటుంబములలో దీనికి అవకాశము హెచ్చు. 2021లో భారత ప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానములో, కాలేయ మార్పిడి చికిత్సగా గల వ్యాధులలో దీనిని చేర్చిరి.

అట్లు తీసివేసిన కాలేయము పారవేయదగినదా? ఆ ఒక్క ఎంజైము కొరత తప్ప అది ఆరోగ్యముగానే యుండును. కాలేయము పూర్తిగా చెడిన మరియొకరికి దానిని అమర్చినయెడల, వారి కండరములు మొదలగు వాటిలోనున్న ఎంజైము ఆ కొరతను తీర్చును. దీనిని డొమినో మార్పిడి యందురు. దానము పుచ్చుకొన్న రోగియే అదే దినమున దాత యగుచున్నాడు!

2. సత్యము దాచని దానము

అయితే ప్రతి వ్యాధియు ఇట్టిది కాదు. 1995లో పోర్చుగల్ దేశమున, నరములను క్షీణింపజేయు వంశపారంపర్య అమిలాయిడ్ వ్యాధి గల రోగి కాలేయమును మరియొకరికి అమర్చిరి. ఈ వ్యాధిలో చెడు మాంసకృత్తిని తయారుచేయునది కాలేయమే. కనుక అట్టి కాలేయమును పొందినవారికిని కొన్ని సంవత్సరములకు ఆ వ్యాధి రావచ్చును. ఈ సంగతి ముందుగా వారికి తెలిపి సమ్మతి పొందవలెను. పొరుగువానితో సత్యమాడుట (ఎఫెసీయులకు 4:25) ఇచ్చట ప్రాణముతో కూడిన విషయము. రోగమును దాచకుండుట దాత ధర్మము. తగునో తగదో నిర్ణయించుట వైద్యుని పని. మనకు మనమే తీర్పు తీర్చుకొని వెనుదీయరాదు.

3. కన్నులిచ్చు ప్రేమ

పౌలు దేహదౌర్బల్యముతో వచ్చినను గలతీయులు ఆయనను తృణీకరింపలేదు; సాధ్యమైతే తమ కన్నులనైనను ఇచ్చియుందురని ఆయన సాక్ష్యమిచ్చెను. నాడు సాధ్యము కానిది నేడు సాధ్యము. మరణించిన 6 గంటలలోపుగా కంటి నల్లగుడ్డుపైనున్న పారదర్శకమైన పొరను సేకరింపవచ్చును. మధుమేహము, రక్తపు పోటు దీనికి ఆటంకములు కావు. ఎయిడ్స్, పిచ్చికుక్క కాటు వ్యాధి, రక్తపు క్యాన్సరు వంటివి ఆటంకములు. మెదడు మరణించినట్లు వైద్యులు ధ్రువీకరించినచో ఇతర అవయవముల దానమునకు 1994 నాటి చట్టము అనుమతించుచున్నది. మన రాష్ట్రమున జీవన్‌దాన్ పథకము దీనిని నిర్వహించుచున్నది. అప్పుడు కుటుంబము వారి సమ్మతి అడుగుదురు గనుక, మన కోరికను ఇంటివారికి ముందే తెలుపవలెను.

పునరుత్థానమున అవయవము కొరతపడునని కొందరు భయపడుదురు. నాటిన వరిగింజ మొలచినప్పుడు గింజగానే యుండునా? సముద్రములో మునిగినవారిని, అగ్నిలో కాలినవారిని లేపగల దేవునికి మన కన్నులు లెక్కా? (1 కొరింథీయులకు 15:35–44 చదువుడి.)

ఆలోచించుటకు:

1. మన సంఘములోని దీర్ఘరోగులను ఆదరణ పొందువారిగా మాత్రమే చూచుచున్నామా, ఇచ్చువారిగా కూడ చూచుచున్నామా?

2. ఈ విషయమును మన ఇంటివారితో మాటలాడితిమా?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన దేహములో మేము పనికిరానిదని తలంచినదానిని నీ పనికి వాడుకొనుము. ఆమేన్.