గేటు బయట కూడా పనే

తెల్లవారుజామున అయిదున్నర. ఇంకా చీకటిగానే ఉంది. నూలు మిల్లులో ఆరు గంటలకు షిఫ్టు. ఊరి రావిచెట్టు దగ్గర ఆటో ఆగింది. ముగ్గురు కూర్చునే బండి అది. అందులో పదకొండు మంది ఎక్కారు. ఇద్దరు డ్రైవరు పక్కన సర్దుకున్నారు.

"తమ్ముడూ, తొందరగా పోనియ్యి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోస్తారు" అంది ఒక అక్క.

ఆటో వేగం పెరిగింది. మిల్లుకు కొంచెం దూరంలో రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. దానికి వెనక లైటు లేదు. దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. ఆటో వెళ్ళి లారీని గుద్దింది.

అంచున కూర్చున్న పెద్దమ్మ అక్కడికక్కడే చనిపోయింది. పదిహేనేళ్ళు ఆ మిల్లులో దారం ముడివేసిన చేతులు అవి.

మేనేజరు వచ్చాడు. దండ వేశాడు. "పాపం, రోడ్డు మీద జరిగింది. గేటు బయట జరిగినదానికి మిల్లు ఏం చేస్తుందమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ కోడలు తలెత్తింది. "మిల్లు కోసం కాకపోతే మా అత్త ఆ చీకట్లో ఎక్కడికి పోతోంది సారూ?" అని అడిగింది. మేనేజరు మాట్లాడలేదు.

ఆ వారం రాత్రి బడిలో అందరూ ఇదే మాట్లాడుకున్నారు. "ఏడిస్తే పోయిన మనిషి రాదు. మనకు రాయడం వచ్చింది కదా. దారిలో ఏం జరిగినా రాద్దాం" అంది కోడలు. ఒక నోటు పుస్తకం కొన్నారు. రోజూ నాలుగు సంగతులు రాశారు.

ఎన్ని గంటలకు బయలుదేరాం?
బండిలో ఎంతమందిమి?
ఎక్కడ ప్రమాదం తప్పిపోయింది?
ఎందుకు?

నెల తిరిగింది. పుస్తకం తెరిచి చదివారు. రెండు సంగతులు బయటపడ్డాయి. ప్రమాదం తప్పిన రోజులు చాలావరకు ఆలస్యమైన రోజులే. కూలి పోతుందనే భయంతో బండిని ఉరికించిన రోజులే. రెండోది, చీకట్లో రోడ్డు మీద ఆగే లారీలు మిల్లుకు పత్తి తెచ్చినవే! గేటు తెరిచేదాకా అవి రోడ్డు మీదే ఉంటున్నాయి.

ప్రమాదం గేటు బయట జరిగింది. కానీ దాని వేరు గేటు లోపల ఉంది.

పుస్తకం పట్టుకుని ఆడవాళ్ళు, లారీ డ్రైవర్లు కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆయన మొదట ఖర్చు సంగతి ఎత్తాడు. ఒక ముసలి డ్రైవరు అన్నాడు: "సారూ, పని వచ్చిన మనిషి పోతే మిషను ఆగుతుంది. అదీ ఖర్చే కదా." మేనేజరు పుస్తకం తీసుకుని చదివాడు. చాలాసేపు చదివాడు.

తరువాత మిల్లులో రోడ్డు భద్రత కమిటీ పెట్టారు. అందులో కూలీలు, డ్రైవర్లు, మేనేజరు ఉన్నారు. ఇవి నిర్ణయించారు:

1. మిల్లు బస్సు పెడుతుంది. సీట్లకు మించి ఎవరినీ ఎక్కించరు.
2. పావుగంట ఆలస్యానికి కూలి కోయరు.
3. లారీలు మిల్లు ఆవరణలో ఆగాలి. వెనక లైట్లు లేని లారీ బయటికి పోకూడదు.
4. డ్రైవరుకు సరిపడా నిద్ర ఉండాలి. నిద్ర చాలదంటే ఆ రోజు బండి ఇవ్వరు. కూలి కోయరు.
5. బండి నడిపేటప్పుడు డ్రైవరుకు మిల్లు నుంచి ఎవరూ ఫోను చేయరు.
6. మోటారు సైకిలు మీద వచ్చేవారు, వెనక కూర్చునేవారు హెల్మెట్ పెట్టుకోవాలి.
7. నెలకొకసారి కూర్చుని పుస్తకం చదవాలి.

కూలీలు కూడా మాట ఇచ్చారు. కిక్కిరిసిన ఆటో ఎక్కం. హెల్మెట్ పట్టీ బిగిస్తాం. మోటారు సైకిలు ఎక్కితే పైట కొంగు చక్రంలో పడకుండా దోపుకుంటాం. తాగిన మనిషి నడిపే బండి ఎక్కం.

తెలుసుకుందాం

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు ఫోను చూస్తే 50 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

పనికి పోతూ, పని నుంచి ఇంటికి వస్తూ ప్రమాదం జరిగిందా? పనికీ దానికీ సంబంధం ఉందని తేలితే, అది పనిలో జరిగిన ప్రమాదమే. 2010లో ఇ.ఎస్.ఐ. చట్టంలో ఈ మార్పు తెచ్చారు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కూడా ఇది ఉంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందుకే మీ ఇ.ఎస్.ఐ. కార్డు దగ్గర పెట్టుకోండి. హాజరు, షిఫ్టు వేళ రాసి పెట్టుకోండి. రాసి ఉన్నదే రుజువు.

ప్రమాదం చూస్తే 108కి ఫోను చేయండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకూడదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

ఆలోచించండి – చెప్పండి

1. పెద్దమ్మ చావుకు కారణం ఆటో డ్రైవరు ఒక్కడేనా? ఇంకెవరెవరు?
2. మీరు పనికి పోయే దారిలో ప్రమాదమైన చోటు ఏది? ఎందుకు?
3. దాన్ని మార్చాలంటే ఎవరిని అడగాలి?

చేయండి

మీరూ ఒక నోటు పుస్తకం తీసుకోండి. రేపటి దారి గురించి నాలుగు మాటలు రాయండి. పక్కవారికి చదివి వినిపించండి.