బండి మీది ఇన్వర్టరుతో గాలి కంప్రెసరు నడుస్తుందా?

భీమవరం, ఆకివీడు చెరువుల చేపలు ఐసు పెట్టెలలో హౌరా మార్కెటుకు చేరేది 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా. 2010కి ముందు మనం దీనిని 5వ నంబరుగా ఎరుగుదుము. దారిలో టైరు పోయిన లారీకి ప్రతి గంటా నష్టమే, ఐసు కరగక ఆగదు కదా! అందువలన వ్యానులో కంప్రెసరు పెట్టుకొని లారీ నిలిచిన చోటికే వెళ్ళి గాలి నింపడం మంచి ఉపాధి. అందుకు రుణం కోరదలచిన మిత్రులు ముందుగా ఒక లెక్క తెలుసుకొనవలెను.

కోల్‌కతా శివారున ధూలాగఢ్ వద్ద అటువంటి వ్యాను ఒకటి చూచితిని. 1 హార్స్‌పవరు కంప్రెసరుకు 1,500 వాట్ల ఇన్వర్టరు అమర్చారు. కాగితం మీద లెక్క సరిపోయింది. మీట వేయగానే మోటారు మూలిగింది, ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయింది. యజమానికి వాయిదాలు మాత్రం ఆగలేదు.

లోపం ఎక్కడ? 1 హార్స్‌పవరు మోటారు నడిచేటప్పుడు సుమారు 1,000 వాట్లు తీసుకుంటుంది. బయలుదేరే క్షణంలో మాత్రం దానికి 5, 6 రెట్ల కరెంటు కావలెను. ట్యాంకులో గాలి నిండి ఉంటే పిస్టను కదలడం మరింత కష్టం. కనుక ఇన్వర్టరును ఎంచుకొనవలసినది నడక వాట్లను బట్టి కాదు, ఆరంభపు లాగుడును బట్టి.

ఇక బ్యాటరీ సంగతి. ఇన్వర్టరులో పోయే నష్టం కలుపుకుంటే 12 వోల్టుల బ్యాటరీ నుండి ఈ మోటారు సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది. చిన్న వ్యాను ఆల్టర్నేటరు అంత ఇవ్వజాలదు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ అరగంట దాటి ఓర్చుకొనుట కష్టం. 24 వోల్టుల బండిలో ఈ ఆంపియర్లు సగమే.

నా అభిప్రాయంలో, 100 పౌండ్లకు పైగా గాలి అవసరమైన లారీ టైర్లకు డీజిలు లేదా పెట్రోలు ఇంజనుతో నడిచే కంప్రెసరే తగినది. మోటారు సైకిళ్ళు, కార్లు మాత్రమే మీ ఖాతాదారులైతే ఇన్వర్టరుతో పనే లేదు, బ్యాటరీకి నేరుగా కలిపే 12 వోల్టుల పంపు చాలును. (లారీలో బ్రేకులకు సొంత కంప్రెసరు ఉండనే ఉంటుంది. అత్యవసరంలో డ్రైవర్లు దాని గాలినే గొట్టంతో టైరుకు పట్టిస్తారు.)

ఇన్వర్టరే కొనదలచినచో ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకొనండి, మిగతా రకాలతో మోటారు వేడెక్కుతుంది. ఆగిన వెంటనే పిస్టను మీది గాలిని వదలివేసే అన్‌లోడర్ వాల్వు పని చేయుచున్నదో లేదో చూడండి. బ్యాటరీ తీగ పొట్టిగా, లావుగా ఉండవలెను. ఫ్యూజు బ్యాటరీ చెంతనే ఉండవలెను. వాహనం ఇంజను నడుస్తుండగానే కంప్రెసరు వేయండి. బయటికి వచ్చేది 230 వోల్టులు, తడి చేతితో తాకితే ప్రాణాపాయం.

2015లో వచ్చిన ముద్రా పథకం శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు రుణం లభిస్తుంది. కొటేషనులో ఇన్వర్టరు ఆరంభ సామర్థ్యాన్ని కూడ వ్రాసి ఇవ్వవలసినదిగా డీలరు మిత్రులకు మనవి. కొనుగోలుదారులు దుకాణంలోనే ట్యాంకు నింపించి, మోటారు ఆపించి, కొంత గాలి వదలి, అది మరల తనంతట తాను బయలుదేరుటను కన్నులారా చూచిన పిమ్మటనే సంతకం చేయగలరు.