తరిగిన కూరగాయలు - సంచిలోని గాలి

తెలుగులో ‘కోయుట’ వేరు, ‘తరుగుట’ వేరు. తీగనుండి దొండకాయను కోయుదుము. కత్తిపీట మీద దానిని తరుగుదుము. భాషలోని ఈ భేదము వృక్షశాస్త్రమునందును పెద్ద భేదమేయని నాకు తెలిసివచ్చినది గత సంవత్సరపు మన కళాశాల వార్షికోత్సవ విందునాడు.

ఆ విందు ఏర్పాట్లు నాకు అప్పగింపబడినవి. ఉదయమున శ్రమ తగ్గునను తలంపుతో క్యాబేజీ, బీన్సు, క్యారట్టు, వంకాయలను ముందురాత్రియే తరిగించి, పెద్ద పాలిథీన్ సంచులలో కూరి, మూతులు బిగించి కట్టించి, వంటశాలలో ఒక మూల పెట్టించితిని. గాలి తగులకున్న ఏదియు చెడదని నా నమ్మకము. తెల్లవారి విప్పిచూడగా సంచుల లోపలివైపున నీరు కారుచున్నది; క్యాబేజీ పులిసిన వాసన వేయుచున్నది; వంకాయ ముక్కలు నల్లబడినవి; అడుగున చేయి పెట్టిన వెచ్చగా నున్నది. అంతయు పారవేయవలసి వచ్చినది. ఆ సొమ్ము విద్యార్థుల చందాలలోనిది. సిగ్గుపడి, వృక్షశాస్త్ర శాఖలోని ఒక మిత్రుని ఆశ్రయించి నేర్చుకొన్న పాఠమిది.

మొక్కనుండి వేరుపడిన కాయ వెంటనే మరణింపదు. అది ప్రాణవాయువగు ఆక్సిజన్‌ను గ్రహించి, తనలోని చక్కెరలను ఖర్చు చేసికొనుచు, కార్బన్ డయాక్సైడును, నీటిని, వేడిని విడుచుచునే యుండును. సంచి అడుగున నాకు తగిలిన వెచ్చదనము ఆ ఊపిరిదే. తరుగుట దానికి గాయము. గాయపడిన కణజాలము మరింత వేగముగా శ్వాసించును. ఇథిలీన్ అను వాయువును పుట్టించి, ముదురుటను త్వరపెట్టును. కణములు చిట్లినచోట వేరువేరు అరలలో నుండవలసిన ఎంజైములు, ఫీనాల్ పదార్థములు కలిసికొని, గాలిలోని ఆక్సిజన్ సహాయమున నలుపెక్కును. మన తల్లులు తరిగిన వంకాయను ఉప్పునీటిలో వేయుట ఇందులకే. నీరు గాలిని అడ్డగించును. మొద్దుబారిన కత్తి కణములను కోయదు, నలుపును. కనుక నష్టము హెచ్చు.

ఇక సంచి సంగతి. పళ్ళెములో తెరచి పెట్టిన ముక్క వాడి ఎండిపోవును. బిగించి కట్టిన సంచిలో ఆక్సిజన్ తరిగిపోవును; అంతట కణములు కిణ్వనమునకు దిగి ఆల్కహాలును పుట్టించును. నా క్యాబేజీకి పట్టిన గతి అదియే. ఈ రెండింటికి నడుమ నొక మార్గము కలదు.

గాలి లేనిచోట పండ్లు పక్వము కావని ఫ్రాన్సు దేశీయుడైన బెరార్ 1821లోనే ప్రకటించెను. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలో ఇంగ్లండునందు కిడ్, వెస్ట్ అను శాస్త్రజ్ఞులు ఆపిల్ పండ్ల నిలువ గదులలోని వాయువుల పాళ్ళను మార్చి పరీక్షించిరి. ఆ గది నేడు సంచి పరిమాణమునకు కుదించుకొన్నది. బయటి గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళుండగా, పలు రకముల తరుగుడు కూరలకు 2 నుండి 5 పాళ్ళు చాలును. కార్బన్ డయాక్సైడు 5 నుండి 10 పాళ్ళ వరకు ఉండవచ్చును. అపుడు ఊపిరి ఆగదు, మందగించును. ఇందుకు తగిన పొర తాను కూడ కొంత ‘ఊపిరి విడువవలెను’. పలుచని పాలిథీన్ ఆక్సిజన్ కంటె కార్బన్ డయాక్సైడును అనేక రెట్లు సులువుగా పోనిచ్చును. నీటి ఆవిరిని మాత్రము అంతగా పోనీయదు. అందుచేత లోపల చెమ్మ నీటిబొట్లై నిలిచి, సూక్ష్మజీవులకు విందగును. వేగముగా శ్వాసించు కూరలకు కంటికి కానరాని రంధ్రములు గల పొరలను వాడుదురు. అన్నింటికి ఒకే సంచి పనికిరాదు.

సంచి ఎంత మంచిదైనను చల్లదనమునకు బదులు కాజాలదు. ఉష్ణము 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల శ్వాస వేగము రెండు మూడు రెట్లగును. 5 డిగ్రీల కడ నున్న ముక్కను 35 డిగ్రీల ఎండలోనికి తెచ్చిన, రెండేసి రెట్ల లెక్కనే ఎనిమిది రెట్లు!

భయపడవలసినది మరియొకటి కలదు. చెడిన వాసన మనలను హెచ్చరించును. మంచి సంచి ఆ హెచ్చరికను వాయిదా వేయును. లిస్టీరియా అను సూక్ష్మజీవి రెఫ్రిజిరేటరు చలిలోను పెరుగును. ఆక్సిజన్ బొత్తిగా లేనిచోట, చలియు చాలకున్న, బాట్యులిజము కలిగించు సూక్ష్మజీవి విషమును పుట్టింపగలదు. అమెరికాలో 2006లో సంచులలో అమ్మిన పాలకూర తిని సుమారు 200 మంది జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. ఆ సూక్ష్మజీవి సంచిలో పుట్టినది కాదు, ఆకుతో లోనికి చేరినది. కూరను తరిగిన పిదప గాక, తరుగుటకు ముందే కడుగవలెనను పెద్దల అలవాటును నేను ఇపుడు మరింత గౌరవించుచున్నాను.

మన బజారులలో సాయంకాలము సాంబారు ముక్కలను కట్టి అమ్ము స్త్రీలను నేను తప్పుపట్టను. ఉద్యోగము చేయు తల్లులకు వారు చేయు మేలు చిన్నది కాదు. ఆ పొట్లము నీడలో నున్నదా, లోపల నీరు కారుచున్నదా యని చూచి కొని, ఆ రాత్రియే వండుకొనిన చాలును.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. హాస్టలు వంటశాలలోని ఒక్క రెఫ్రిజిరేటరు పాలకే సరిపోవుచున్నది. మరియొకటి వచ్చువరకు రాత్రి తరుగుట మానుదము. ఈ సంవత్సరపు విందునకు కూరలను ముందురోజు కడిగి, గంపలలో ఆరనిచ్చి, వేకువన నాలుగు గంటలకు తరుగ మొదలిడెదము. తోడు రాదలచిన విద్యార్థులు పేర్లు నాకు ఈయవచ్చును. కత్తిపీటలు సానపట్టించి యుంచెదను.