ముక్కిన టెంటు గురించి

విజయనగరం

కార్తీక్,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అడుగుభాగం మూలల్లో నల్లటి చుక్కలు, పై షీటు మీద బూడిదరంగు మరకలు. సంక్రాంతి సెలవుల్లో వంజంగి తీసుకెళ్లిన టెంటే కదా? ఆ కొండ మీద తెల్లవారేసరికి మంచుకి గుడ్డంతా తడిసిపోతుంది. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి తడి దానికి తోడు. దిగే తొందరలో అలాగే చుట్టి సంచిలో కుక్కి ఉంటారు. ఆపైన మధురవాడ ఫ్లాట్లో అటక, వానాకాలం. ఇంకేం కావాలి బూజుకి?

బూజు నైలాన్‌ని తినదురా. దాని మీది మట్టి, చెమట జిడ్డు, మీరు లోపల కూర్చుని తిన్న పులిహోర మెతుకులు, అవే దాని తిండి. మా గైడ్స్ క్యాంపుల్లో కాన్వాస్ డేరాలుండేవి. వాటికి బూజు పడితే నూలునే తినేసేది, వేలు పెడితే చిరిగేవి. నీ టెంటుకి ఆ భయం లేదు. కానీ గుడ్డ లోపలివైపు నీళ్లు దిగకుండా సాధారణంగా పాలీయురెథేన్ పూత ఉంటుంది. నువ్వు కాపాడుకోవలసింది దాన్ని. మరక మిగిలినా టెంటు వాననాపుతుంది, పూత పోతే ఆపదు.

అందుకని ఏమీ కొనకముందే లోపలివైపు చేత్తో తడిమి చూడు. పొడిగా, నున్నగా ఉండి ముక్కిన వాసన మాత్రమే వస్తుంటే బాగుచేయొచ్చు. జిగురుగా చేతికంటుకుంటూ, వాంతి కంపులాంటి పుల్లటి వాసన వేస్తుంటే మాత్రం తడికి ఆ పూతే విరిగిపోతోందన్నమాట. దాన్ని ఏ సబ్బూ బాగుచెయ్యదు. ఎండాకాలంలో డాబా మీద నీడకి కట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఒక్క దెబ్బకి పోతుందని మీ అమ్మ అనే ఉంటుంది. వినకు. అది నైలాన్ దారాన్నీ, పూతనీ రెండిటినీ దెబ్బతీస్తుంది. పైగా దాన్ని వెనిగర్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. వాషింగ్ మెషీన్లో కూడా వెయ్యకు. ఆ తిప్పుడుకి కుట్ల మీది టేపు ఊడొస్తుంది.

ముందు డాబా మీదికి తీసుకెళ్లి విప్పి, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఎండిన బూజు మెత్తటి బ్రష్‌తో దులుపు. గదిలో దులిపితే ఆ పొడంతా ఇల్లు పట్టుకుంటుంది. నీకసలే ఆయాసం. తరవాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి నాలుగు వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి, స్పాంజితో మరకలున్న చోటల్లా తడిపి కాసేపు వదిలెయ్. రుద్దకు, అద్దు. టెంట్ల కోసమే అమ్మే ఎంజైమ్ క్లీనర్ దొరికితే వాసనకి అదింకా మంచిది. సీసా మీద రాసినంతే కలుపు, ఎక్కువేస్తే ఎక్కువ పనిచెయ్యదు. మిగతా గుడ్డకి సువాసన లేని తేలికపాటి సబ్బునీళ్లు చాలు. సర్ఫ్ వద్దు. అది గుడ్డలో మిగిలిపోయి నీటిని పీల్చుకుంటుంది. నురుగు పూర్తిగా పోయేదాకా జాడించు. నల్ల చుక్కలు కొన్ని అలాగే ఉండిపోతాయి. వాటి మీద పంతం పట్టి గీకావంటే పూత లేచిపోతుంది.

ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. టెంటు నిలబెట్టి, జిప్పులు తెరిచి, గాలాడే నీడలో ఉంచు. మండుటెండలో రోజుల తరబడి వదిలితే నైలాన్ పెళుసవుతుంది. గుడ్డ త్వరగానే ఆరుతుంది. కుట్లు, అంచు పట్టీలు, కర్రల లోపలి సాగే తాడు మాత్రం తడి దాచుకుంటాయి. పైకి పొడిగా కనిపించినా ఇంకో పూట ఆగు.

దాచేటప్పుడు కంపెనీ ఇచ్చిన బిగుతు సంచిలో కుక్కకు. పాత నూలు దుప్పటిలో వదులుగా చుట్టి, అటక మీద కాకుండా బట్టల బీరువాలో పెట్టుకో. ఈసారి కొండ నుంచి తడిగా తెచ్చినా ఫరవాలేదు, ఇంటికి రాగానే ఆ రాత్రే హాల్లో పరిచెయ్. ఒకటి రెండు రోజుల తడి చాలు బూజు మొదలవడానికి.

కార్తీకంలో మళ్లీ వెళ్తామన్నావు కాబట్టి, బయల్దేరే ముందు డాబా మీద టెంటు వేసి రెండు బకెట్ల నీళ్లు పోసి చూడు. కుట్ల దగ్గర కారితే సీమ్ సీలర్ రాయాలి. సిలికాన్ పూత గుడ్డకి సిలికాన్‌దే అతుక్కుంటుంది, పాలీయురెథేన్‌ది అతకదు. నీ టెంటు ఏ రకమో లేబుల్ ఫొటో తీసి పంపు, ఏది కొనాలో చెప్తాను.

మీ పెద్దమ్మ